టోమా నుంచి గ్లెన్

మాడిసన్,
మార్చి 22, 2004.

అన్నయ్యకు,

మర్లా వదిన పెట్టిన షరతు ప్రకారమే ఈ ఉత్తరం. రాజకీయాలు ఇంట్లో మాట్లాడకూడదు, ఫోన్లో మాట్లాడకూడదు, అంతగా కడుపు ఉబ్బిపోతే కాగితం మీద రాసుకుని చావండి అని కదా ఆవిడ తీర్పు. ఆవిడ తప్పేం లేదు. మొన్న థాంక్స్‌గివింగ్ పండగ నాడు మనిద్దరం అరుచుకున్న అరుపులకి టర్కీ కోసే కత్తి పట్టుకునే గరాజ్‌లోకి వెళ్ళి కూర్చుంది. నీ కోడలు కెల్సీ బిత్తరపోయి చూస్తూ ఉంది. నేను ఆ పిల్లని చూసింది పెళ్ళిలో ఒకసారి, ఆ రోజు ఒకసారి. రెండోసారి ఇలా తగలడింది.

సంగతేమిటంటే, నేను ఉద్యోగం మారాను. టమాటా ఆకులకి తెగులెందుకొస్తుందో పద్దెనిమిదేళ్ళపాటు రేడియోలో జనానికి చెప్పి చెప్పి విసుగెత్తింది. ఇక్కడ కొత్త రేడియో స్టేషన్ మొదలవుతోంది. పొద్దున్నించి రాత్రి దాకా మావైపు, ఉదారవాదుల మాటే. నువ్వు రిపేరు షాపులో ట్రాక్టర్లు విప్పుతూ డ్యూక్ రాండల్‌ని వింటావు. ఆయన అయ్యాక ఇంకొకడు, వాడయ్యాక మరొకడు, అందరిదీ ఒకే పాట. లా క్రాస్ నుంచి మిల్వాకీ దాకా కారులో రేడియో ముల్లు ఎంత తిప్పినా నాలాంటి వాళ్ళకి సొంత మనిషి గొంతు వినపడదు. ఇప్పుడు వినపడుతుంది. పొద్దున తొమ్మిదింటికి వచ్చే గంట నాది.

ఒక చిక్కుంది. ప్రయోగానికి నాలుగు కార్యక్రమాలు చేసి చూశాం. ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ "జోలీన్, నువ్వు చెప్పింది అక్షరాలా నిజం" అంటారు. తర్వాతివాళ్ళూ అదే. అవతలి వకీలు రాని కోర్టులాగా ఉంది, నాకే ఆవలింతలు వస్తున్నాయి. మీవాళ్ళు మాకు ఫోన్ చెయ్యరు. నువ్వు చెయ్యకూడదా? పద్ధతి నీకు తెలిసిందే. పేరూ ఊరూ చెప్తే చాలు, అవి నిజమో కాదో ఎవరూ అడగరు. నీకంటే బాగా నన్ను తిట్టగలిగినవాడు ఈ రాష్ట్రంలో లేడు.

వదినకి చెప్పకు.

నీ చెల్లెలు,
జోలీన్


హోల్మ్ వ్యాలీ,
మార్చి 29.

చెల్లాయ్,

కోతికి కొబ్బరికాయ దొరికినట్టు నీకు మైకు దొరికిందన్నమాట. టమాటాలు ఏం పాపం చేశాయి? వాటి గురించి నువ్వు చెప్తుంటే నాకూ బాగానే ఉండేది.

మీ స్టేషన్ క్రిస్మస్ దాకా నడిస్తే నా టోపీ ఉడకబెట్టుకుని తింటాను. డ్యూక్‌ని జనం వింటున్నారంటే ఎవరో బలవంతాన వినిపించడం వల్ల కాదు. ఆవుల దగ్గర, లారీల్లో, నాలాగా ఇనుము కింద పడుకుని పనిచేసేవాళ్ళని మనుషుల్లా పలకరించేవాడు ఆయనొక్కడే. మీ మాడిసన్ వాళ్ళు మమ్మల్ని చూసేది లెక్చరు ఇవ్వడానికే. తొమ్మిదేళ్ళుగా ఆయనకి ఫోన్ చేస్తున్నాను. "మన వెర్లిన్" అంటాడు. ఆ మాటకి ఊళ్ళో నాకెంత పరువో నీకేం తెలుసు.

అయినా నిన్ను పదిమందిలో ఓడించే అవకాశం నువ్వే ఇస్తానంటే కాదనడానికి నేనేమన్నా సన్యాసినా? చేస్తాను. టోమా నుంచి గ్లెన్ అని రాసుకో. రెండు షరతులు. ఒకటి, ఈ సంగతి పైకి రాకూడదు. డ్యూక్‌కి తెలిస్తే నన్ను వెలేస్తాడు. రెండు, నా కొడుకు డెరెక్ మాట మైకులో ఎత్తకు. వాడు ఫిబ్రవరిలోనే ఇరాక్ వెళ్ళాడు. నేషనల్ గార్డు సైన్యంలో వాడికి పడ్డ పని చమురు ట్రక్కు తోలడం. కెల్సీ, పిల్లవాడు కోల్ మా పక్కింట్లోనే ఉంటున్నారు. ఆ పిల్ల వృద్ధాశ్రమంలో పగటి డ్యూటీ చేస్తోంది. మర్లా పిల్లవాణ్ణి చూసుకుంటోంది. వాడి నాన్న పాత బూట్లు మంచం కింద ఉంటే గాని నిద్రపోడట.

ఈ వారం గడ్డకట్టిన మంచు కరిగి షాపు ముందంతా బురద. జాగ్రత్త.

నీ అన్నయ్య,
వెర్లిన్


మాడిసన్,
ఏప్రిల్ 20.

గ్లెన్ గారికి నమస్కారాలు,

మీరు లైన్లోకి వచ్చారంటే మా ఫోన్ దీపాలన్నీ ఒక్కసారి వెలుగుతున్నాయి. నిన్న ఒకావిడ మిమ్మల్ని తిట్టడానికని వంట మధ్యలో పొయ్యి ఆర్పి వచ్చానని చెప్పింది. మా మేనేజర్ గోర్డన్ అయితే, ఆ గ్లెన్ ఎవరోగాని వాడికి గుడి కట్టాలి అంటున్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను.

కాని అన్నయ్యా, కొంచెం భయంగానూ ఉంది. మొదటిరోజు మీటింగులోనే గోర్డన్ చెప్పాడు: "అవతలివాళ్ళు మన తప్పు కోసం కాచుకుని కూర్చున్నారు. ఒక్క దొంగ ఫోన్ మన దగ్గర దొరికిందా, స్టేషన్ మూసుకోవడమే." అయినా నువ్వు చెప్పేది నీ అభిప్రాయమే కదా, పేరొక్కటే అబద్ధం అని సర్దిచెప్పుకుంటున్నాను.

ఇక్కడి సంగతి ఒకటి చెప్పనా. మేం మాట్లాడేది వెంటనే బయటికి పోదు, ఏడు సెకన్లు ఆగి పోతుంది. ఎవరైనా బూతు మాట్లాడితే ఆలోగా నా కుడిచేతి పక్కనున్న ఎర్ర మీట నొక్కితే ఆ ముక్క గాలిలోకి వెళ్ళదు. మొన్న ఒక ముసలాయన కోసం నొక్కాల్సి వచ్చింది. చర్చిలో పియానో వాయిస్తాడట ఆయన, ఆ నోరు చూస్తే అలా లేదు.

నువ్వు మరీ మర్యాదగా మాట్లాడుతున్నావు. ఇంకాస్త కారం వెయ్యి. థాంక్స్‌గివింగ్ నాటి వెర్లిన్‌ని పంపించు.

డెరెక్ నుంచి ఫోన్లు వస్తున్నాయా?

ప్రేమతో,
జోలీన్


హోల్మ్ వ్యాలీ,
మే 9.

చెల్లాయ్,

ఈ రోజు అమ్మల పండగ. అమ్మ సమాధి దగ్గర నీ తరపున కూడా పూలు పెట్టొచ్చాం. డెరెక్ పొద్దున్నే ఫోన్ చేశాడు. మూడు నిమిషాలకే లైను పోయింది. ఆ మూడు నిమిషాల్లోనూ వాడు మర్లాకి శుభాకాంక్షలు చెప్పి, వాళ్ళ ట్రక్కు తలుపులకి ఉక్కు రేకులు లేవని, దొరికిన ప్లైవుడ్డూ ఇసుక మూటలూ అడ్డం పెట్టుకుని తోలుతున్నామని నవ్వుతూ చెప్పాడు. అది వినగానే కెల్సీ ముఖం పాలిపోయింది. నేను గట్టిగానే చెప్పాను: సైన్యం ఏర్పాట్లు సైన్యం చూసుకుంటుంది, నువ్వు దిగులు పడితే అది వాడికి అంటుకుంటుంది అని. మర్లా నన్ను గుడ్లురిమి చూసింది. నేనన్నదాంట్లో తప్పేముంది?

గ్లెన్ విషయానికొస్తే, నిజం చెప్పాలంటే నాకు మహా మజాగా ఉంది. కేఫేలో మావాళ్ళు కాఫీ తాగుతూ "టోమా వాడెవడో ఆ మాడిసన్ ఆడమనిషిని ఉతికి ఆరేస్తున్నాడట" అని చెప్పుకుంటున్నారు. ఆ ఆడమనిషి నా చెల్లెలని వాళ్ళకి తెలుసు కనుక నావైపు జాలిగా చూస్తారు. నేను తల దించుకుని ఆపిల్ పై తింటాను. మొన్న డ్యూక్ కూడా గ్లెన్ మాటలు టేపు వేసి వినిపించాడు. ఫోన్లో గొంతు మారుతుంది గనక సరిపోయింది, లేకపోతే గుర్తుపట్టేవాడే.

కెల్సీ నీ కార్యక్రమం ఎన్ని గంటలకని మర్లాని అడిగిందట. ఆ పిల్లకి ఆ టైములో డ్యూటీ. మంచిదే అయింది.

ఇట్లు,
పరువుపోయిన చెల్లెలు గల అన్న


హోల్మ్ వ్యాలీ,
జూన్ 3.

జోలీన్,

ఎందుకు చేశావు?

ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేక ఇది రాస్తున్నాను. సైనికుల కుటుంబాల గురించి మాట్లాడదాం రమ్మన్నావు. వచ్చాను. "స్పార్టా నుంచి షెల్లీ" అని పరిచయం చేశావు. వెనకాల బట్టలుతికే మిషన్ల మోత, అది వాళ్ళ వృద్ధాశ్రమానిదని ఇప్పుడు తెలుస్తోంది, ముక్కు బిగిసిన గొంతు. ట్రక్కులకి రేకులు లేవంది, ప్లైవుడ్డంది. ఇలాంటి వాళ్ళు ఎన్ని వందలమంది ఉన్నారో అనుకున్నాను. ఆమె చెప్పడం అయ్యాక నువ్వు "గ్లెన్, దీనికి మీరేమంటారు?" అన్నావు. ఏమంటానో తెలిసే అడిగావు.

"అమ్మా, మీ ఆయన అక్కడ ధైర్యంగా బండి తోలుతుంటే నువ్విక్కడ రేడియోలో కూర్చుని ఏడుస్తున్నావు. శత్రువు చేతికి తూటాలందించేది నీలాంటి ఆడవాళ్ళే. రేపు అతనికేమన్నా అయితే ఆ పాపం నీది."

అన్నాను. అవతల చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత ఆ పిల్ల, "మామయ్యా, మీరేనా?" అంది.

ఫోన్ పెట్టేశాను. ఇప్పటికీ చెవిలో అదే వినిపిస్తోంది.

నా కొడుకు మాట మైకులో ఎత్తొద్దన్నాను నీకు. వాడి పెళ్ళాన్నే తెచ్చి నా ఎదుట కూర్చోబెట్టావు. మీ స్టేషన్‌కి పదిమంది ఎక్కువ వింటారని.

వెర్లిన్


మాడిసన్,
జూన్ 7.

అన్నయ్యా,

నేను కూర్చోబెట్టలేదు. అమ్మ మీద ఒట్టు.

ఫోన్లు ఎత్తేది నేను కాదు, ఒక అమ్మాయి. ఆ అమ్మాయి అద్దం అవతల కూర్చుని పేరూ ఊరూ టైపు చేస్తే నా ముందు కనిపిస్తుంది. షెల్లీ, స్పార్టా, భర్త ఇరాక్‌లో అని వచ్చింది. అంతే. సైనికుల భార్యలు ఫోన్ చేస్తే అసలు పేరు చెప్పొద్దని మేమే చెప్తాం, మొగుడికి పై అధికారితో తంటా వస్తుందని. నువ్వు గ్లెన్‌వి అయ్యావు, ఆమె షెల్లీ అయింది. ఇద్దరినీ మా పద్ధతే ఒకరికొకరు తెలియకుండా చేసి ఒక లైన్లోకి తెచ్చింది.

ఆ మాట వినగానే మీట నొక్కాను. కెల్సీ పరువు కాపాడాలనే నొక్కాను. తర్వాత నాలుగుసార్లు మీ ఇంటికి ఫోన్ చేశాను. వదిన తీసి పెట్టేసింది. కెల్సీకి ఏమని చెప్పారు? నన్ను మాట్లాడనివ్వు. నిన్ను ఇందులోకి లాగింది నేనే, నీ తరపున నేను చెప్తాను.

జోలీన్


హోల్మ్ వ్యాలీ,
జూన్ 14.

జోలీన్,

నీ ఉత్తరం చదివి సగం నమ్మాను. ఆ కాగితం మర్లాకి చూపించాను. అప్పుడు తెలిసింది, ఆవిడ మొదటిరోజు నుంచీ వంటింట్లో నీ కార్యక్రమం వింటోందని, గ్లెన్ ఎవరో మొదటి ముక్కలోనే పట్టేసిందని. ముప్ఫై ఏళ్ళు కాపురం చేసిన గొంతు టోమా పోతే మారుతుందా అంది. సరదా పడుతున్నాడు కదా, పడనీ అని ఊరుకుందట.

ఆ రోజు రేడియోలో ఏం వినపడిందో నాకు తెలీదు. ఫోన్లో ఉన్నవాళ్ళు రేడియో కట్టెయ్యాలంటారు కదా మీరు. మర్లా చెప్పింది. నేనన్న మాట పొల్లుపోకుండా వచ్చిందట. తర్వాత నిశ్శబ్దం వచ్చిందట. ఆ తర్వాత పాట. "మామయ్యా" అన్నది మాత్రం రాలేదట.

అంటే నేనా పిల్లని తిడుతుంటే నీ చెయ్యి లేవలేదు. మన నాటకం బయటపడబోయేసరికి లేచింది. కెల్సీ పరువు కాపాడాలనే నొక్కానన్నావు. ఎవరి పరువు?

ఇప్పుడు ఊరంతా అనుకునేదేమిటంటే గ్లెన్ ఒక్క దెబ్బతో షెల్లీ నోరు మూయించాడని. డ్యూక్ ఆ టేపు రోజూ వేసి చప్పట్లు కొట్టిస్తున్నాడు. మీవాళ్ళు అదే టేపు గంటకోసారి వేసి, చూడండి అవతలివాళ్ళు ఎంత రాక్షసులో అంటున్నారు. రెండుచోట్లా ఆ పిల్ల ఏడుపే. కెల్సీ కోల్‌ని తీసుకుని బ్లాక్ రివర్ ఫాల్స్‌లో వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది. బూట్లు కూడా పట్టుకెళ్ళింది. ఇంకొన్నాళ్ళు ఆ టేపు తిరిగితే ఆ షెల్లీ మొగుడెవరో అక్కడ క్యాంపులో పట్టేస్తారు. అప్పుడు డెరెక్ గతేమిటి?

మీ స్టేషన్లో ఆ టేపు ఆపించు. అదొక్కటే అడుగుతున్నాను.

వెర్లిన్


మాడిసన్,
జూన్ 22.

అన్నయ్యా,

గోర్డన్‌ని అడిగాను. ఎందుకాపాలో కారణం చెప్పమన్నాడు. ఆ టేపు వల్లే జనం మన పేరు చెప్పుకుంటున్నారు, నీకు పిచ్చెక్కిందా అన్నాడు. కారణం చెప్తే నా ఉద్యోగం పోవడమే కాదు, స్టేషనే పోతుంది. ఇక్కడ ఇరవైమంది ఉన్నారు. పాత ఉద్యోగాలు వదులుకుని వచ్చినవాళ్ళు. రాత్రుళ్ళు నేల మీద పడుకుని ఈ గదులకి రంగులు వేసుకున్నవాళ్ళు. నవంబరులో ఎన్నికలు. అంతవరకు ఓపిక పట్టు, తర్వాత నేనే అంతా చెప్పేస్తాను. మింగలేక కక్కలేక ఉన్నాను.

ఇంకో మాట. నువ్వు సగమే నమ్మానన్నావు, అది సరిగ్గానే నమ్మావు. నేను ఏర్పాటు చెయ్యలేదు. కాని గుర్తుపట్టాను. "మా బాబు వాళ్ళ నాన్న బూట్లు మంచం కింద లేకపోతే నిద్రపోడు" అంది చూడు, అప్పుడు. నువ్వు నాకు రాసిన మాటే అది. అయినా నీ వైపు తిరిగి మీరేమంటారు అని అడిగాను. ఎందుకంటే ఆ క్షణాన రాష్ట్రమంతా ఊపిరి బిగబట్టి వింటోందని నాకు తెలుస్తోంది. పద్దెనిమిదేళ్ళలో నన్ను అలా ఎవరూ వినలేదు.

నన్ను తిట్టు. కాని అన్నయ్యా, బూట్ల మాట నువ్వూ విన్నావు. నీ మనవడి సంగతి నీకు తెలీదా?

జోలీన్


హోల్మ్ వ్యాలీ,
జూలై 6.

జోలీ,

నీ చివరి ప్రశ్న వారం రోజులు తిండి తిననివ్వలేదు. జవాబు రాస్తున్నాను. విన్నాను. ఆ పిల్ల బూట్ల సంగతి చెప్తున్నప్పుడు నేను తర్వాత ఏమనాలా అని మాటలు వెతుక్కుంటున్నాను. చెవిలో పడింది, లోపలికి పోలేదు. తొమ్మిదేళ్ళుగా ఫోన్ పట్టుకుని నేను నేర్చుకున్న విద్య ఇదేనని ఇప్పుడు తెలిసింది.

మొన్న బ్లాక్ రివర్ ఫాల్స్ వెళ్ళాను. కెల్సీ దోమతెర తలుపు తియ్యకుండా అవతల నిలబడింది. తప్పయిపోయిందమ్మా అన్నాను. ఆ పిల్ల అరవలేదు. మెల్లగా చెప్పింది.

"నాకు చెప్తే ఏం లాభం మామయ్యా? విన్నవాళ్ళకి చెప్పండి. మీ మాటకి జవాబు లేక షెల్లీ నోరు మూసుకోలేదని చెప్పండి. ట్రక్కులకి రేకులు లేని మాట నిజమేనని చెప్పండి. డెరెక్‌కి ఏమన్నా అవుతుందని నాకు భయం లేదనుకున్నారా? తనకి తంటా వస్తే రానివ్వండి, ప్రాణంతో వస్తాడు."

కోల్ లోపల్నుంచి తాతా అని పిలిచాడు. తలుపు తెరుచుకోలేదు.

ముందు డ్యూక్‌కే ఫోన్ చేశాను. వినాల్సింది మావాళ్ళే కదా. "మన వెర్లిన్ వచ్చాడు, చాలా రోజులైంది" అన్నాడు. ఆ గ్లెన్‌ని నేనే అన్నాను, నవ్వాడు. షెల్లీ నా కోడలు, అక్కడ ట్రక్కులకి రేకులు లేవు, నా కొడుకు ప్లైవుడ్డు చాటున తోలుతున్నాడు అనేసరికి టక్కున లైన్ తెగింది. షాపులో రేడియో పెట్టి విన్నాను. ఏడు సెకన్ల తర్వాత పాట వచ్చింది. ఆపైన డ్యూక్, ఎవడో తాగుబోతు పేరు మార్చుకుని చేశాడు, మన వెర్లిన్ అలాంటివాడు కాడు అన్నాడు. తొమ్మిదేళ్ళ నా గొంతుని నాది కాదన్నాడు జోలీ. కేఫేలో ఎవరూ నమ్మడం లేదు. నమ్మినవాళ్ళు నా బల్ల దగ్గర కూర్చోవడం లేదు.

మావాళ్ళ మీట సంగతి తెలిసింది. ఇక మిగిలింది మీదే. వచ్చే మంగళవారం, జూలై 13న, నీ కార్యక్రమానికి ఫోన్ చేస్తాను. గ్లెన్‌నని చెప్తే మీ ఫోన్లెత్తే అమ్మాయి పరుగున కలుపుతుంది. తర్వాత నా పేరు చెప్తాను, నీ పేరు చెప్తాను, అంతా చెప్తాను. నీకేమవుతుందో నాకు తెలుసు. అక్కడి ఇరవైమందికి ఏమవుతుందో కూడా తెలుసు. మీట నీ చేతి పక్కనే ఉంటుంది. నొక్కాలనుకుంటే నొక్కు. ముందే చెప్పి వస్తున్నాను, దొంగదెబ్బ తియ్యడం లేదు.

అన్నయ్య


మాడిసన్,
జూలై 14.

అన్నయ్యా,

నువ్వు రేడియో కట్టేసి ఫోన్ చేసి ఉంటావు. ఏం బయటికి వెళ్ళిందో నీకు ఇంకా ఎవరూ చెప్పకపోతే, నేను చెప్తాను.

సోమవారం రాత్రి నిద్ర లేదు. నొక్కాలనే నిర్ణయించుకున్నాను. నీకు అబద్ధం రాయను. ఇరవైమంది బతుకులు ఒకవైపు, నీ మనశ్శాంతి ఒకవైపు అని తూకం వేసుకుని, అన్నయ్య ఎప్పుడైనా క్షమిస్తాడులే అనుకున్నాను. కుర్చీలో కూర్చున్నప్పుడే వేలు మీట మీద పెట్టుకున్నాను.

"నా పేరు గ్లెన్ కాదు. వెర్లిన్ స్కోగ్. హోల్మ్ వ్యాలీ. ఈ కార్యక్రమం చేసే జోలీన్ నా చెల్లెలు" అన్నావు. అద్దం అవతల గోర్డన్ లేచి నిలబడి మెడ మీద చెయ్యి పెట్టుకుని కొయ్యి కొయ్యి అని సైగ చేస్తున్నాడు. ఒకటి, రెండు, మూడు. నువ్వు ఆగలేదు. "షెల్లీ నా కోడలు. ఆ పిల్ల చెప్పింది నిజం. నేను అసలు వినకుండా నోటికొచ్చింది అన్నాను" అన్నావు. వేలు ఉన్నచోటే ఉంది, నొక్కలేకపోయాను. మంచితనం అనుకోకు. డ్యూక్ నిన్ను నొక్కేసిన మీటనే నేనూ నొక్కితే, ఇంక ఈ స్టేషన్ ఎందుకు పెట్టామని అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏం ఉండదు. అదొక్కటే తోచింది. అంతా వెళ్ళింది. నువ్వు పెట్టేసిన చప్పుడు కూడా వెళ్ళింది.

పాట వెయ్యకముందే గోర్డన్ లోపలికి వచ్చాడు. తిట్టలేదు. "మమ్మల్ని ముంచావు" అన్నాడు, అంతే. ఫోన్లు ఎత్తే అమ్మాయి నావైపు చూడకుండా నా కోటు తెచ్చి ఇచ్చింది. ఈ రోజు డ్యూక్ పొద్దున్నించీ పండగ చేసుకుంటున్నాడట, ఉదారవాదుల రేడియో అంటే అన్నాచెల్లెళ్ళ వీధి నాటకమని. మొన్న తాగుబోతు అన్నవాణ్ణి ఇవాళ నిజం వెర్లిన్ అంటున్నాడు, తనకి పనికొచ్చింది గనక. రేకుల మాట మాత్రం ఎత్తడం లేదు. మా శ్రోతలు నాకు పంపుతున్న మాటలు నీకు రాయలేను. టేపు రెండుచోట్లా ఆగిపోయింది.

స్టేషన్ నిలుస్తుందో లేదో తెలీదు. నేను కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాను. ఒక్కటే అడుగుతాను. కెల్సీ విన్నదా?

జోలీన్


హోల్మ్ వ్యాలీ,
జూలై 25.

జోలీ,

కెల్సీ వినలేదు. ఆ రోజు ఎవరో రాలేదని తనకి వేరే డ్యూటీ వేశారట. నేను అంత చేసీ ఆ పిల్ల చెవిన పడలేదు. నీ ఉద్యోగం కూడా గంగలో కలిపి సాధించింది ఇదా అనుకున్నాను. ఎవరో సైనికుడి భార్య కంప్యూటర్లో ఇరాక్‌కి రాస్తే, అక్కడి నుంచి డెరెక్‌కి తెలిసి, వాడు కెల్సీకి చెప్పాడు. మా ఊరి కబురు బాగ్దాద్ తిరిగి బ్లాక్ రివర్ ఫాల్స్ చేరింది.

శనివారం మధ్యాహ్నం షాపు ముందు కారు ఆగింది. కెల్సీ, కోల్ దిగారు. నా ముఖం చూడలేదు. "డెరెక్ ఫోన్ చేస్తానన్నాడు. ఇద్దరూ ఒకచోట ఉండమన్నాడు" అని చెప్పి, బెంచీ చివర కూర్చుంది. మర్లా నిమ్మరసం తెచ్చిపెట్టింది. ఎవరూ ముట్టుకోలేదు. ఒక గంట కాచుకున్నాక ఫోన్ మోగింది.

వాడు మండిపడుతున్నాడు జోలీ. కెప్టెన్ పిలిచి చీవాట్లు పెట్టాడట, అంతకన్నా ఏమీ చెయ్యలేదట. వాడి కోపం కెప్టెన్ మీద కాదు.

"ఆ రేడియోలో నా మాటే, ఈ రేడియోలో నా మాటే. నువ్వూ మాట్లాడావు, అత్తా మాట్లాడింది, కెల్సీ కూడా మాట్లాడింది. నీకేం కావాలిరా అని నన్ను అడిగినవాడు ఒక్కడు లేడు నాన్నా."

ఈసారి ఏమనాలా అని వెతుక్కోలేదు. "ఇప్పుడడుగుతున్నాను. ఏం కావాలి?" అన్నాను.

"సుద్దముక్క ఉందా? తలుపు కొలతలు చెప్తాను, రాసుకో" అన్నాడు.

షాపు నేల మీదే గీశాను. వాడు చెప్తున్నాడు, నేను పైకి అంటున్నాను, కెల్సీ వంగి కొలత టేపు పట్టుకుంది. అద్దం దగ్గర వంపు ఎంతో నాకు అర్థం కాకపోతే ఆ పిల్లే ఫోన్ తీసుకుని మళ్ళీ అడిగింది. లైన్ తెగేలోపు కుడి తలుపు పూర్తయింది, ఎడమది దానికి అద్దంలో నీడ అనుకోమన్నాడు. సాయంత్రం దాకా కోశాం. రేకు బరువుకి ఒక్కణ్ణీ తిప్పలేకపోతుంటే కెల్సీ మర్లా గ్లవుజులు తొడుక్కుని అవతలి చివర ఎత్తింది. మాట్లాడే పని పడలేదు. రాత్రికి వాళ్ళు ఇక్కడే పడుకున్నారు.

అవి పంపితే చేరతాయో లేదో, చేరినా పైవాడు బిగించనిస్తాడో లేదో తెలీదు. వాడి ఒక్కడి ట్రక్కుకే కాదు, వాళ్ళ పన్నెండు ట్రక్కులకీ చెయ్యాలంటుంది కెల్సీ. నా దగ్గరున్న ఉక్కు మూడో తలుపుకే అయిపోయింది. సోమవారం లా క్రాస్ వెళ్ళి తెస్తాను. పనికి మనుషులు కావాలి. కేఫేలో అడిగాను, ఇద్దరు వస్తామన్నారు, మిగతావాళ్ళు కాఫీ కప్పుల్లోకి చూశారు.

నీకిప్పుడు ఎలాగూ పనిలేదు కదా. వచ్చి అవతలి చివర పట్టుకో.

అన్నయ్య